సబ్జా పూలకు మూడు వారాలు

“ఎవరండీ తుంచింది?”

నా అరుపుకి చెన్నై కోడంబాక్కంలోని ఆ మేడ మీద కాకులు కూడా ఎగిరిపోయాయి. ఇంటివాళ్ళ మనవరాలు ధన్య మాత్రం కదల్లేదు. ఆమె చేతిలోని పళ్ళెం నిండా నా పదిహేడు కుండీల మొగ్గలే.

“నేనే. శనివారం కదా, పెరుమాళ్ పటానికి. పూత వదిలేస్తే తులసి ముసలిదైపోతుందంట. అవ్వ చెప్పింది.”

“అది తులసి కాదండీ, సబ్జా!”

ఆమె ఒక ఆకు నలిపి వాసన చూసింది. కళ్ళు పెద్దవయ్యాయి. “ఐయయ్యో! ఫలూదాలో వేస్తారే, ఆ సబ్జానా?”

అంత కోపంలోనూ ఆ కళ్ళు బావున్నాయనిపించింది. నా మీద నాకే ఒళ్ళు మండింది.

ఉద్యోగం కోసం తెనాలి నుంచి వచ్చి ఎనిమిది నెలలైంది. ఈ ఊళ్ళో నాకంటూ ఉన్నవి ఆ కుండీలే. గింజలు చల్లి నీళ్ళు చిలకరించిన కాసేపటికే ప్రతి గింజా గాజులాంటి జిగురు కప్పుకుని ఉబ్బింది. వారం తిరక్కుండా రెండేసి ఆకులు. ఆఫీసుకి లేటైనా సరే, నోరు తెరుచుకుని చూస్తూ నిలబడ్డాను. అంత చిన్న గింజలో అంత పట్టుదల ఎక్కడ దాగుందో నాకిప్పటికీ అర్థం కాదు.

కానీ ధన్య వాళ్ళ అవ్వ వరదలక్ష్మిగారికి శ్లాబు చెమ్మెక్కుతుందని భయం, కుండీలు తీసేయమన్నారు. “పూలు పూసి తేనెటీగలొస్తే చూడండి, ఆ తర్వాత మీ ఇష్టం” అని బతిమాలి ఆదివారం దాకా గడువు తెచ్చుకున్నాను. ఆదివారమంటే రేపే.

“ఇప్పుడు బామ్మగారికి ఏం చూపించను? కుండీలు తీసేయమంటే నేనూ గది ఖాళీ చేసి పోతా.”

“పోతారా?” అంది ధన్య చిన్నగా.

మర్నాడు నాకన్నా ముందే ఆమె అవ్వ దగ్గర నిలబడింది. “తప్పు నాది అవ్వా. ఇంకో మూడు వారాలియ్యి. కుండీలు ఇటికెల మీద పెడతాం, చెమ్మ దిగదు.”

“నీకెందుకే అంత ఇది?”

ధన్య నేల చూపులు చూసింది. “సరి, మూడు వారాలే” అంది అవ్వ.

ఆ రోజు నుంచి పొద్దున్నే కాఫీతో మేడెక్కడం ధన్యకు అలవాటైంది. ఒకసారి ఉన్నట్టుండి వాన. ఇద్దరం ఒకే కుండీ మీదికి పరిగెత్తి, ఒకే ప్లాస్టిక్ పట్టా పట్టుకున్నాం.

“హరిచరణ్ గారూ, వాన మొక్కలకి మంచిదే కదా?”

“మంచిదే.”

“మరి మనమేంటికి పరిగెత్తినాం?”

ఇద్దరం తడిసి ముద్దయ్యాం. అయినా ఎవరమూ కిందికి దిగలేదు.

పదోరోజుకి గమనించాను. ఆమె తుంచిన ప్రతిచోటా ఒకటికి రెండు కొమ్మలు వచ్చాయి. ప్రతి కొమ్మకీ మొగ్గలే! తుంచకపోయి ఉంటే సగం పూలే పూసేవి. నేను అరిచిన అరుపు గుర్తొచ్చి సిగ్గేసింది.

గడువు ముగిసే ఆదివారం మొక్కలన్నీ తెల్లగా పూశాయి. అవ్వ మోకాళ్ళు పట్టుకుంటూ మేడెక్కింది. ఏడున్నరైంది, ఎనిమిదైంది. ఒక్క ఈగా లేదు.

“ఏడయ్యా నీ తేనెటీగలు?”

అప్పుడు ఒకటి వచ్చింది. దాని వెనక నాలుగు. కాసేపటికి మేడంతా ఝుమ్మంది. పువ్వు పువ్వుకీ ఒక తేనెటీగ వేలాడుతూ, కొమ్మలన్నీ ఊగుతున్నాయి.

అవ్వ చెప్పులు విడిచి చేతులు జోడించింది. “అరవై ఏండ్లుగా ఈడే ఉండాను. ఇంత పట్నంలో ఇవి ఏడ దాక్కోనుండాయి నాయనా?”

ధన్య జరిగి నా పక్కన నిలబడింది.

“ఇప్పుడన్నా పోనని చెప్పండి” అని గుసగుసలాడింది.

“కుండీల కోసమా?”

“కుండీలు నేను చూసుకుంటా. మీరు పోతే... నేనేం చేసేది?”

“పోను ధన్యా. నువ్వున్నచోటు వదిలి ఎక్కడికీ పోను.”

అవ్వ పూల మీంచి చూపు తిప్పలేదు.

“మీ అమ్మ నంబరు కిందికి పోయినాక ఇయ్యి నాయనా. ఇప్పుడు మాట్లాడబాకండి, అవి బెదిరిపోతాయి.”