బావ కూర్చునే వైపు

మా ఊరి పెద్ద చెరువు, కొండకర్ల ఆవలో ఒంటి దోనె నిలవదు. తాటిమాను తొలిచి చేసిన దోనెలు రెండు పక్కపక్కన పెట్టి, తాళ్లతో బిగించి కడితేనే మనిషిని మోస్తాయి. ఒకటి నాది, రెండోది మా ఎర్రయ్య బావది. మా అప్ప, అంటే మా అక్క నూకరత్నం మొగుడు. "ఈలిద్దరికీ పెళ్లాలెందుకురా, దోనెలుండగా" అని ఊళ్లో అందరూ ఆటపట్టించేవారు. చెరకు పని లేని సాయంత్రం అయిందంటే చాలు, కప్పపిల్లల్ని డబ్బాలో వేసుకుని కొర్రమీను గాలానికి బయల్దేరేవాళ్లం. నేను గెడకర్ర వేసి దోనె నడిపేవాణ్ణి. బావ ఎడమ దోనెలో, నా వెనకాల కూర్చుని గాలం విసిరేవాడు. నోరు మాత్రం మూసేవాడు కాదు. "సేపలు పారిపోతాయి బావా" అంటే, "పోవురా అబ్బులూ, నా కబుర్లు ఇనడానికే వత్తన్నాయి" అనేవాడు.

శ్రావణంలో ఒకరోజు గాలం తామరతూళ్లలో చిక్కుకుంది. తెంపెయ్ అని ఉంటే పోయేది. "కొత్త గాలం బావా, దిగి తియ్" అన్నాను. దిగేడు. అంతే, మళ్లీ తేలలేదు. నాలుగు రోజులు బోట్లేసి వెతికేరు. బావ ఒంటిమీది తువ్వాలు కూడా దొరకలేదు.

అప్ప బొట్టు తియ్యనివ్వలేదు. దర్భలతో బొమ్మ చేసి దహనం కానిచ్చేద్దామని పెద్దలంటే ఇంతెత్తున లేచింది. నా చొక్కా పట్టుకుని, "నువ్వు తీసికెల్లేవు, నువ్వే తేవాల. ఎలాగున్నా సరే, తే" అంది. ఆ రోజునుంచి నాకు తిండి సయించలేదు. సాయంత్రమైతే ఆవలోకి పోవడం, గెడతో అడుగంతా కెలకడం, ఉత్త చేతులతో రావడం.

మునిగిపోయినోడి దోనె ఏడాది తిరిగేదాకా నీళ్లలో దించకూడదని మా ఊరి పట్టింపు. ఒడ్డున బోర్లించి ఉంచాలి. నేను దాన్నే నా దోనెకి కట్టేను. ఒంటి దోనెతో వెతకలేను కదా! మా పెద్దమ్మ చూసి గుండె బాదుకుంది. "ఆ దోనె దించడమంటే నీళ్లలో పోయినోల్లందర్నీ పిలవడమేరా, సచ్చినోడా!"

"పిలుద్దామనే దించేను" అన్నాను. ఎంత తెలివితక్కువవాణ్ణో చూడండి.

మొన్న మాఘంలో ఒక సాయంత్రం. పొద్దు వాలుతోంది. ఎక్కడో బెల్లం వండుతున్న పొగ వాసన, దానికింద కుళ్లిన తామరాకుల వాసన. నీళ్లమీద మంచు దిగింది. గట్టు కనబడలేదు. అంతవరకూ గోలపెట్టిన నీటికోళ్లు ఒక్కసారిగా నోరు మూసేయి.

ఎడమ దోనె కిందికి దిగింది.

మెల్లగా... మనిషి ఎక్కినప్పుడు దిగినట్టే.

వెనక్కి తిరగలేదు. తిరిగి చూస్తే పోతాడేమోనని.

"బావా...?"

నీళ్లు కారుతున్న చప్పుడు. టప్... టప్...

"ఇంటికెల్దామా?"

"ఊఁ..."

అది గొంతు కాదు, ఊపిరి. నా మెడ వెనక చల్లగా తగిలింది. అమ్మతోడు, భయంకన్నా ఏడుపే ఎక్కువొచ్చింది. దారిపొడుగునా నేనే మాట్లాడేను. తప్పయిపోయింది బావా, ఆ గాలం పాడుగాను, నన్ను చంపెయ్ అన్నాను.

ఒడ్డు చేరగానే, "దిగు, అప్ప ఎదురుచూత్తంది" అన్నాను. ఎడమ దోనె పైకి తేలింది. తల దించుకునే ఉండిపోయేను. కాసేపాగి చూస్తే, మసక చీకట్లో సిమెంటు రోడ్డుమీద తడి అడుగులు అప్ప ఇంటివైపు పోతున్నాయి. వెనకాలే వెళ్లేను.

అప్ప అప్పటికే తలుపు తీసి నిలబడింది. నాకు ఎవరూ కనబడలేదు. తను మాత్రం కిందికి వంగి, "వచ్చేవా... ఎంత తడిసిపోయేవు, లోనికి రా" అంది. ఆరు నెలల తర్వాత మా అప్ప నవ్వడం చూసేను. తలుపు మూసుకుంది.

నేను రోడ్డుమీదే కూలబడి తనివితీరా ఏడ్చేను. తెచ్చేనురా దేవుడా, మాట నిలబెట్టుకున్నాను అనుకున్నాను. ఆ అడుగుల్ని ఒక్కసారి ముట్టుకుని దండం పెట్టుకుందామని ఫోను లైటు వేసి, అరచెయ్యి ఆనించేను.

అడుగు మొత్తం నా అరచేతికింద పట్టేసింది.

మా బావకి అనకాపల్లి బజారంతా తిరిగినా కాళ్లకి పట్టే చెప్పులు దొరికేవి కావు, అంత పెద్ద పాదాలు. ఇవి... పాలు మానని పసివాడి పాదాలు.

అప్పుడు వినబడింది. ఆవలోంచి, మంచులోంచి.

"ఒరే అబ్బులూ... నన్నొదిలేసి ఎవుల్ని తీసికెల్లిపోతన్నావురా...?"

అది బావ గొంతే.

తలుపుమీద పడ్డాను. "అప్పా! తలుపు తియ్! అది బావ కాదే!"

లోపలినుంచి అప్ప గుసగుసగా అంది. "అరవకురా తమ్ముడా... ఇప్పుడే నా ఒళ్లో నిద్దరోయేడు."

ఆవలోంచి బావ మళ్లీ పిలిచేడు. ఈసారి గొంతు ఇంకా దూరంగా వినబడింది.