చివరి గోడ మీది బొమ్మ

"నేను పోతనే అమ్మా! నువ్వు రాకున్నా పోత!"

కూతురు దీపిక చేతిలోని కరపత్రం లాక్కుని చూసింది కళావతి. భద్రాచలంలో చిత్రప్రదర్శన... చిత్రకారుడు రాంబాబు! పదిహేడేళ్ళ క్రితం జైలుకు వెళ్ళిన తన భర్త! అక్కడే కుంచె పట్టాడని, విడుదలై పేరు తెచ్చుకున్నాడని విన్నప్పటి నుంచి ఆమెకు కంటి మీద కునుకు లేదు. ఎవరితోనో కొట్లాడి జైలుపాలయ్యాడనే కూతురికి చెప్పింది. పిల్ల మనసులో తండ్రంటే అసహ్యం పుట్టకూడదని నిజాన్ని ఇన్నేళ్ళూ గుండెల్లోనే దాచుకుంది ఆ తల్లి! ఇప్పుడు బిడ్డను ఒంటరిగా ఆ మనిషి ముందుకు ఎలా పంపగలదు...? కూతురి వెంట తమ ఊరు దుమ్ముగూడెంలో బస్సెక్కింది.

హాలు నిండా జనం. గోడల మీద గోదావరి, బీడీల కోసం తునికాకు కోసే ఆడవాళ్ళ బొమ్మలు... దీపిక మురిసిపోతూ ఒక్కో బొమ్మా చూస్తోంది. కళావతికి మాత్రం ఏదీ కంటికి ఆనలేదు. కూతురి చెయ్యి వదలకుండా పట్టుకుంది.

"అమ్మా..." దీపిక ఠక్కున ఆగిపోయింది.

చివరి గోడ మీద ఒకే పెద్ద బొమ్మ. గుడిసె మూలలో పసిపిల్లను పొట్టకు అదుముకుని, ముంజేయి అడ్డుపెట్టిన ఆడమనిషి. ఆమె మీదికి లేచిన గొడ్డలి! కింద 'నేను చేసిన పని' అని రాసి ఉంది. ఆ ముఖం కళావతిదే!

"కట్టెలు కొడుతుంటే గొడ్డలి జారిందన్నవ్ కదమ్మా! ఆ పిల్ల... నేనేనా...?" తల్లి ముంజేతి మీది మచ్చ పట్టుకుని దీపిక బావురుమంది.

"కళా..."

వెనుక నుంచి వినిపించిన ఆ గొంతుకు కళావతి చప్పున తిరిగింది. నెరిసిన గడ్డంతో రాంబాబు! గబుక్కున కూతుర్ని తన వెనక్కి లాక్కుంది.

"దగ్గరికి రాను... భయపడకు," అతను చేతులు జోడించాడు. "నేనేం చేసిన్నో నలుగురికి తెల్వాలనే పెట్టిన."

"నన్నడిగినవా?" ఆమె బొమ్మ వైపు చెయ్యి చూపింది. "నా బిడ్డకు తెల్వొద్దని ఇన్నేండ్లు నోరు కుట్టుకున్న! నువ్వేమో తెచ్చి గోడకు తగిలిస్తివి!"

అతను తలవంచుకున్నాడు. "తప్పైంది. ఇప్పుడే తీసేస్త."

వెక్కివెక్కి ఏడుస్తున్న కూతురి వంక చూసింది కళావతి. ఇక దాచడానికి ఏముంది!

"వద్దు... ఉండనీ. కానీ మా గడప తొక్కకు. నీకు దండం పెడత!"

"మాయమ్మ చెప్పింది విన్నవ్ కదా," అంది దీపిక కళ్ళు తుడుచుకుని. నాన్నా అని ఒక్కసారి పిలవాలని ఎంత ఆశతో వచ్చిందో...! ఆ పిలుపు గొంతు దాటనే లేదు.

"ఇదంతా ఒక్కదానివే ఎట్ల మోసినవమ్మా...!" బస్టాండులో తల్లి భుజం మీద తల వాల్చి అడిగింది.

"నువ్వు నవ్వుకుంట బడికి పోతుంటివి బిడ్డా... అది చాలనిపించేది."

బస్సులో తల్లిని కిటికీ పక్కన కూర్చోబెట్టి, తాను ఆమెకు అడ్డుగా ఇవతల కూర్చుంది దీపిక. బస్సు కదిలేదాకా తలుపు మీది నుంచి చూపు తిప్పలేదు.