బటన్ మీద వేలు

నాచారంలో హృషికేశ్ వాళ్ల ఫ్లాట్ మూడో అంతస్తులో ఉంది. హాల్లో ఓ మూల కంప్యూటర్ బల్ల, దాని పక్కనే అత్తగారి గది తలుపు. బాల్కనీలో నిలబడితే మల్లాపూర్ ఫ్యాక్టరీల రేకుల కప్పులు కనిపిస్తాయి. ఆ రోజు ఆషాఢం ముసురు పట్టి, ఇంకా పొద్దు ఉండగానే లైట్లు వేసుకోవాల్సి వచ్చింది.

వంటింట్లో హృషికేశ్ భార్య ఆమని పప్పుకు తాలింపు వేస్తోంది. హాల్లో వంశీకృష్ణ నేలమీద బాసింపట్టు వేసుకు కూర్చుని, కంప్యూటర్ డబ్బా పక్క రేకు ఊడదీసి లోపలికి టార్చి కొడుతున్నాడు. ఉప్పల్‌లో అతనికి రిపేరు షాపుంది. చేతికి ఎంత పనో నోటికి అంతకు రెట్టింపు.

"అన్నా, నీ సిస్టం నాతోని మజాక్ చేస్తుంది. నా షాపుల పొద్దుందాక ఆన్‌ల పెట్టిన. ఒక్కసారి బంద్ కాలె. గీడికి తెస్తే మల్ల షురూ!"

నిజమే. పవర్ సప్లై మార్చాడు. ర్యామ్ తీసి రబ్బరుతో తుడిచాడు. దుమ్మంతా ఊదాడు. వేరే గోడ నుంచి కరెంటు లాగాడు. అయినా అంతే. ఆన్ చేస్తే కాసేపు బుద్ధిగా నడుస్తుంది, ఉన్నట్టుండి ఫ్యాను చప్పుడు ఆగి తెర నల్లబడిపోతుంది. ఇది మొదలైంది అత్తగారి పెద్దకర్మ అయిన మర్నాటి నుంచి. ఆ సంగతి మాత్రం హృషికేశ్ వంశీకి చెప్పలేదు. అది చెబితే ఇంకో సంగతీ చెప్పాల్సి వస్తుంది.

అత్తగారు సూర్యకళమ్మ రైల్వేలో చేసి రిటైరైన మనిషి. ఆయాసం. కూతురి దగ్గరే ఉండేది. రొప్పు ఎక్కువైతే పిలవడానికి వీలుగా ఆమని ఆవిడ మంచం పక్కన, వైరు లేకుండా సెల్లుతో పనిచేసే ఓ కాలింగ్ బెల్ బటన్ పెట్టింది. అది నొక్కితే హాల్లో ప్లగ్గుకు పెట్టిన డబ్బా మోగుతుంది. ఎవరో ఒకరు వెళ్లి, మందు పోసి, నెబులైజర్ మాస్కు ముఖానికి పెట్టాలి.

ఎండాకాలంలో ఓ మధ్యాహ్నం, కుట్టడానికిచ్చిన జాకెట్టు తెచ్చుకుందామని ఆమని ఉప్పల్ వెళ్లింది. హృషికేశ్ ఇంటి నుంచే ఆఫీసు మీటింగ్‌లో ఉన్నాడు. బెల్లు మోగింది. మంచినీళ్లకేమోలే అనుకున్నాడు. మళ్లీ మోగింది. అవతల మేనేజర్ జగన్మోహన్ విసుక్కున్నాడు. హృషికేశ్ చెయ్యి చాచి ఆ డబ్బాను ప్లగ్గులోంచి పీకేశాడు. కాసేపే కదా అనుకున్నాడు.

మీటింగ్ అయ్యాక తలుపు తీస్తే, ఆవిడ బొటనవేలు బటన్ మీదే ఉంది. గోరు తెల్లగా పాలిపోయేంత గట్టిగా నొక్కిపట్టింది.

ఆమని తిరిగొచ్చేలోపు డబ్బాను మళ్లీ ప్లగ్గులో పెట్టాడు. "బటన్‌లో సెల్లు వీకైపోయి ఉంటుందండీ. మారుస్తా మారుస్తా అంటూ మర్చిపోయాను. నేనే చంపుకున్నాను అమ్మని" అని ఆమె తల బాదుకుంటుంటే, కుక్కిన పేనులా ఊరుకున్నాడు. తర్వాత ఆ బెల్లును, బటన్‌ను తీసుకెళ్లి చెత్తబండిలో పడేశాడు. ఈపాటికి జవహర్‌నగర్ చెత్త గుట్టల కింద ఎక్కడో ఉంటాయవి. ఆమని మాత్రం రోజురోజుకీ ఎండిపోతోంది. అన్నం సహించదు, నిద్ర పట్టదు. ఒక్క మాట చెబితే ఆమె గుండె మీది బరువు దిగిపోతుందని అతనికి తెలుసు. ఆ మాటే నోటికి రాదు. తన పిరికితనం చూస్తే తనకే అసహ్యం.

"అన్నా, జర ఇటు సూడు," అన్నాడు వంశీ. "కరెంట్ పోయి బంద్ అయితలేదిది. బటన్ నొక్కి పట్టుకుంటే బంద్ అయితది సూడు, గట్ల అయితుంది. ఎవరో వేలు పెట్టి ఒత్తుతున్నట్టే ఉన్నది."

గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకున్నట్టు, హృషికేశ్ గయ్యిమన్నాడు. "ఎవరు ఒత్తుతారు? ఇంట్లో ఎవరున్నారని?"

"ఉత్తగనే అన్న అన్నా. గరం గాకు."

వంశీ కంప్యూటర్ ఆన్ చేశాడు. ఇద్దరూ ముందుకు వంగి బటన్ వైపే చూస్తున్నారు. బయట వాన. డబ్బాలో ఫ్యాను రొద. తాలింపు వాసనను తోసుకుంటూ ఇంకో వాసన వచ్చింది... నీలగిరి తైలం. అత్తగారు ఛాతీకి రాసుకునేది.

బటన్ కదిలింది.

మెల్లగా లోపలికి దిగింది. అక్కడే ఆగింది. సన్నగా వణుకుతోంది... ఫ్యాను ఆగిపోయింది. తెర నల్లబడింది. అయినా బటన్ పైకి రాలేదు. ఇంకా... ఇంకా... అప్పుడు వదిలింది.

"సూసినవా అన్నా?" వంశీ గుసగుసలాడాడు.

హృషికేశ్ ఒకడుగు వెనక్కి వేశాడు.

"స్ప్రింగ్ పోయింది. స్ప్రింగే అయ్యుంటది," అని వంశీ తనకు తానే చెప్పుకుని, బటన్ నుంచి వచ్చే వైరు పీకేశాడు. రెండు పిన్నులకు స్క్రూడ్రైవర్ కొస తాకించి మెషిన్‌ను లేపాడు. ఈసారి ఆగలేదు. అంత మాటకారి కూడా మళ్లీ నోరెత్తకుండా సామాను సర్దుకున్నాడు. టీ తాగి వెళ్లమని ఆమని అంటున్నా, చెప్పులు సరిగ్గా తొడుక్కోకుండానే మెట్లు దిగిపోయాడు.

మీటింగ్ టైమైంది. ఇంకోసారి మధ్యలో మాయమైతే వేరే మనిషిని చూసుకుంటామని జగన్మోహన్ ముందే చెప్పాడు. హృషికేశ్ హెడ్‌ఫోన్ పెట్టుకున్నాడు.

"హృషీ, మీ ఇంట్లో బెల్లు మోగుతోంది. ఎవరో చూడు," అన్నాడు జగన్మోహన్.

అతనికేమీ వినిపించలేదు. హెడ్‌ఫోన్ తీశాడు. వాన చప్పుడు తప్ప ఏమీ లేదు. మళ్లీ పెట్టుకున్నాడు.

"ఆపకుండా నొక్కుతున్నారండీ పాపం," అంది టీంలో పనిచేసే గీతిక.

హృషికేశ్ మైక్ ఆపేశాడు.

"ఇంకా వస్తోందయ్యా..." అన్నాడు జగన్మోహన్.

అప్పుడు వంటింట్లోంచి ఆమని గొంతు. "ఆఁ... వస్తున్నానమ్మా!"

తడిచేతులు కొంగుకు తుడుచుకుంటూ అతని పక్కనుంచే వెళ్లింది. అతని వైపు చూడలేదు. వాళ్లమ్మ గదిలోకి వెళ్లి తలుపు వేసుకుంది.

హృషికేశ్ హెడ్‌ఫోన్ తీసి బల్ల మీద పెట్టి లేచాడు. తలుపు మీద చెయ్యి వేశాడు. చల్లగా ఉంది. లోపల రొప్పు... ఒక్కరిది కాదు. ఇప్పుడైనా చెప్పెయ్యాలి. నీ తప్పేం లేదు ఆమనీ, ఆ బెల్లు నేనే పీకేశాను... మాట గొంతు దాకా వచ్చింది.

"హమ్మయ్య, ఆగింది. హృషీ, ఇక నువ్వు మొదలుపెట్టు." బల్ల మీది హెడ్‌ఫోన్‌లోంచి జగన్మోహన్ గొంతు సన్నగా వినిపించింది. "హృషీ, ఉన్నావా?"

అతను తలుపు వైపు చూశాడు. తెర వైపు చూశాడు. కాసేపే కదా అనుకున్నాడు. వచ్చి కుర్చీలో కూర్చుని, హెడ్‌ఫోన్ పెట్టుకుని మైక్ ఆన్ చేశాడు.

చెప్పాల్సిందంతా చెప్పాడు. కంప్యూటర్ ఒక్కసారి కూడా ఆగలేదు. తలుపు వెనక రొప్పు పెరిగింది... పెరిగి, పెరిగి... సన్నబడింది. పని బాగుందని జగన్మోహన్ మెచ్చుకున్నాడు. ఒక్కొక్కరే వెళ్లిపోయారు. తెర మీద అతని ముఖమొక్కటే మిగిలింది.

తలుపు తెరుచుకుంది.

గడపలో ఆమని. ఇన్నాళ్లకు ఆమె ముఖంలో దిగులు లేదు. నవ్వుతోంది. పెదవులు నీలంగా ఉన్నాయి. మాటకీ మాటకీ మధ్య ఊపిరి అందక ఆగుతూ, మెల్లగా అంది.

"అమ్మ అడుగుతోందండీ... మీ మీటింగ్ అయిపోయిందా... ఇప్పుడు పిలవొచ్చా అని."