పురుగుల షెడ్డులో వాన

నేత్ర ఎన్ని వాన చప్పుళ్ళు పంపినా బెంగళూరులో డైరెక్టర్‌కు నచ్చలేదు. యుద్ధం మీద తీస్తున్న వెబ్ సిరీస్ అది. కందకంలో దెబ్బ తగిలిన సైనికుడు పడి ఉంటాడు, పైన వాన. "ఇది బజ్జీలు తినే వానలా ఉంది" అన్నాడాయన. సౌండ్ పని చేసే నేత్రకు ఒళ్ళు మండింది. ఆ మంటలోనే సొంతూరు గుర్తొచ్చింది.

శిడ్లఘట్ట పక్క పల్లెలో పట్టుపురుగులు పెంచే ఇంట్లో పుట్టిన పిల్లకు వాన కరువా? వేల పురుగులు ఒక్కసారిగా మల్బరీ ఆకు నమిలితే అచ్చం వానే. ఆ వాన సన్నబడిందంటే ఆకు అయిపోయిందని లెక్క. చిన్నప్పుడు నాయన మునిశామప్ప నిద్రలో కూడా అది కనిపెట్టి లేచేవాడు.

మధ్యాహ్నం ఆమె ఇల్లు చేరేసరికి ఆయన షెడ్డులో కునుకు తీయడానికి పోతున్నాడు. పురుగులకు రోగం తగులుతుందని కన్నకూతుర్ని కూడా లోపలికి రానివ్వడు. నేత్ర వైర్‌లెస్ మైకు ఆన్ చేసి ఆయన చేతికిచ్చింది.

"తట్టల నడుమ పెట్టు నాయనా."

"పెడతాలేమ్మా."

తడి గోనెపట్టాల వెనక చీకటి, పచ్చి ఆకు వాసన. ఈగలు దూరకుండా ఆయన లోపల గడియ పెట్టుకున్నాడు.

నేత్ర అరుగు మీద కూర్చుని హెడ్‌ఫోన్లు తగిలించుకుంది. కాసేపటికి వాన మొదలైంది. చిక్కటి వాన, మట్టిలోకి ఇంకేలాంటిది. నడుమ నాయన గురక. అదీ మంచిదే, సైనికుడి ఊపిరికి పనికొస్తుంది. ఆమెకు పట్టరాని సంతోషమేసింది.

కాఫీ తెచ్చిన అమ్మ అంజనమ్మ అడిగింది, "ఏమి ఇంటాండావే?"

"పురుగులు ఆకు తినేది అమ్మా."

"యాడి ఆకే? పొద్దున్నే నాలుగో జ్వరానికి కూసున్నాయి. రేపటిదాకా ఆకు ముట్టవు."

పొర విడిచే ముందు పురుగులు తిండి మాని, తల ఎత్తుకుని కదలకుండా ఉండిపోతాయి. ఊళ్ళో దాన్నే జ్వరం అంటారు. నేత్రకు తెలియనిది కాదు.

మరి తింటున్నదేమిటి?

గురక తడబడింది... ఆగింది... వాన మాత్రం ఆగలేదు.

ఆమె పరుగెత్తి తలుపు బాదింది.

"కొట్టొద్దే..." అమ్మ చెయ్యి పట్టుకుని గుసగుసగా అంది. "జ్వరంలో సద్దు సేయగూడదు."

తన దెబ్బలే హెడ్‌ఫోన్లలో, వానకు అవతల, ఎక్కడో సన్నగా వినిపిస్తున్నాయి. నాయన పలకలేదు. ఇంకా బాదింది. ఏం చేయాలో తోచక ఏడుపొచ్చింది.

గడియ తీసిన చప్పుడు.

"ఏమైందే? ఇల్లేమన్నా కాలిపోతాండాదా?" కళ్ళు నులుముకుంటూ మునిశామప్ప బయటికొచ్చాడు. నిక్షేపంగా ఉన్నాడు. నేత్రకు పోయిన ప్రాణం లేచొచ్చింది. ఆయన భుజం మీదుగా లోపలికి చూసింది. తట్టల నిండా తలలెత్తి నిద్రపోతున్న పురుగులు. ఒక్క ఆకు లేదు. మైకూ లేదు.

"మైకు యాడ పెట్టినావు నాయనా?"

ఆయన నాలుక కరుచుకుని చొక్కా జేబు తడిమాడు. ఆ తడిమిన చప్పుడు ఆమె చెవుల్లో ఉరిమింది.

"పెట్టేది మరిచేపోతినమ్మా. ఈడనే ఉండాది, గుండె కాడ."

మైకు ఆయన ఎదను ఆనుకుని ఉంది. నేత్ర హెడ్‌ఫోన్లు చెవులకు అదుముకుంది; ఆ నమిలే చప్పుడు ఆయన ఎదలోంచే వస్తోంది. ఏ డాక్టరు దగ్గరికి తీసుకుపోవాలి, ఏమని చెప్పాలి?

నాయన నవ్వాడు. "వాన దొరికిందా అమ్మా?"

ఆమె చెవుల్లో వాన సన్నబడుతోంది.