సిరిమానుకి కొన్న లెన్సు

నరసింగరావుకి టీ గ్లాసు నిండా పొయ్యడం తాయారు మానేసి ఏడాది దాటింది. సగానికే పోస్తుంది. అది తాగేశాక మళ్ళీ సగం పోస్తుంది. "ఏటే, పాలు తక్కువొచ్చాయా?" అని మొదట్లో ఆయన అడిగేవాడు. "వేడివేడిగా తాగుతావని" అంటూ ఈవిడ ఏదో ఒకటి చెప్పేది. నిండా పోస్తే పెదాల దాకా వెళ్ళేలోపే చొక్కా మీద ఒలికిపోతుందని ఆవిడకి తెలుసు, ఆయనకీ తెలుసు. ఇద్దరిలో ఒక్కరూ పైకి అనరు. తెలిసినదాన్ని తెలియనట్టు కూర్చోవడంలో ఆ మొగుడూ పెళ్ళాలని మించినవాళ్ళు విజయనగరం మొత్తం మీద ఉండరు.

ఆ రోజు పొద్దున్న కూడా సగం గ్లాసు ఆయన చేతికిచ్చి, బీరకాయలు చెక్కు తీస్తూ కూర్చుంది. వీధి గదిలో తండ్రీకూతుళ్ళు అప్పుడే మొదలుపెట్టేశారు. నాలుగు రోజులుగా ఆ ఇంట్లో ఇదే రామాయణం. పాత లెన్సా, కొత్త లెన్సా?

వాళ్ళకి మూడు లాంతర్ల కూడలి దగ్గర ఫోటో స్టూడియో ఉంది. నరసింగరావు పెట్టినదే అయినా, ఇప్పుడు నడిపేది కూతురు దుర్గాభవాని. జిల్లాలో అందరి పెళ్ళిళ్ళూ తీస్తుంది గానీ తన పెళ్ళి మాట మాత్రం ఎత్తనివ్వదు. పెళ్ళిళ్ళన్నీ కూతురికి వదిలేసిన నరసింగరావు ఒక్కటి మాత్రం తన దగ్గరే ఉంచుకున్నాడు. అది పైడితల్లమ్మ సిరిమాను. పొడవాటి చింతమాను కొసన కూర్చుని పూజారి ఆకాశంలో ఊరేగే ఆ సాయంత్రం, ఆ దారిలోనే ఉన్న కూర్మమ్మగారి మేడ మీద నిలబడి ఆయన ఫోటో తియ్యాల్సిందే. ముప్ఫై ఏళ్ళకి పైగా ఏటా ఒక్కటే ఫోటో ఫ్రేము కట్టించి స్టూడియో గోడకి ఎక్కిస్తాడు. అంత దూరాన్ని దగ్గరకి లాగే పొడుగు జూమ్ లెన్సు ఈ వానల్లో బూజు పట్టిపోయింది. లోపలి అద్దమే పోయిందని బాగుచేసేవాడు చేతులెత్తేశాడు. పండగ ముంచుకొస్తోంది. విశాఖపట్నంలో వాళ్ళు ఎప్పుడూ కొనే షాపులో రెండున్నాయి. ఒకటి పాత మోడలు, ఎవరో కొద్దిగా వాడింది, అచ్చం పోయినదానిలాంటిదే. రెండోది అదే కంపెనీ కొత్త మోడలు.

"పాతది కొనడం దండగ నాన్నా. కొత్తదాన్లో చెయ్యి కాస్త కదిలినా బొమ్మ కదలదు. ఆ కదలికని లోపలే ఆపేస్తాది," అంది భవాని.

"నా సెయ్యెందుకు కదులుతాది?"

"నీ చెయ్యని కాదు, ఎవరి చెయ్యైనా."

"ఎలుగుంటే షట్టరు స్పీడు పెంచుకుంటాను. సాల్దా?"

"సిరిమాను బయల్దేరేసరికి పొద్దు వాలిపోతాది. ఇంక వెలుగెక్కడిది?"

నరసింగరావు గ్లాసు కింద పెట్టాడు. "నీకు తెలీదే. కొత్తదాన్లో రింగులు తారుమారు సేసేశారు. ఇన్నాళ్ళూ ఎనక రింగు తిప్పితే బొమ్మ దగ్గరకొచ్చేది, ముందుది ఫోకసు. ఇప్పుడు ముందుది జూమట, ఎనకది ఫోకసట! సిరిమాను మీదకొచ్చేస్తంటే ఏది ముందు, ఏది ఎనక అని లెక్కలేసుకుంటానా? సెయ్యి దానంతటది ఎల్లాలి."

"నాలుగు రోజుల్లో అలవాటైపోతాది."

"నాకవసరం లేదు. పాతదే కొను."

అక్కడితో ఆగితే బాగుండేది. కానీ భవాని కూడా ఆయన కూతురే కదా! నోరు జారింది.

"పోయినేడు ఫోటో గోడకెందుకు ఎక్కలేదు నాన్నా? ఫ్రేము కట్టేవాడి దగ్గరుందన్నావు. అక్కడ లేదు. కంప్యూటర్లో నేను చూశాను. ఒక్కటీ నిలవలేదు, అన్నీ అలికేసినట్టున్నాయి. నీ చెయ్యి వణుకుతోంది. నువ్వొప్పుకోకపోతే మానేస్తాదా?"

తాయారు చేతిలో బీరకాయ ఆగిపోయింది. ఏడాదిగా తాను దాచిపెట్టిన మాటని కూతురు నట్టింట్లో పెట్టేసింది.

నరసింగరావు అరవలేదు. అరిచి ఉంటే తాయారుకి ధైర్యంగా ఉండేది. నెమ్మదిగా లేచి, చెప్పులేసుకున్నాడు. "అయితే నువ్వే ఎక్కు మేడ. నీకు నచ్చిందే కొనుక్కో. ఈ ఏటితో నా పనైపోయింది," అని వెళ్ళిపోయాడు.

భవాని కాసేపు గుమ్మం వైపే చూసి, వచ్చి తల్లి పక్కన కూలబడింది. "ఆ మాట అనాలనుకోలేదమ్మా. ఆయన్ని మేడ మీదకి ఎక్కించాలనే కొత్తది కొనమన్నాను. దింపెయ్యాలని కాదు."

"నాకు తెలుసే."

"నీకూ తెలుసా? చెయ్యి సంగతి?"

"ఆయన చొక్కాలు ఉతికేదెవరు?" అంది తాయారు.

బీరకాయ ముక్కలు నీళ్ళలో వేస్తూ, ఎప్పుడూ చెప్పనివి కొన్ని చెప్పింది. ఇప్పుడు బూజు పట్టిన ఆ లెన్సు కొన్న రోజు విశాఖపట్నం నుంచి బస్సులో, ఒళ్ళో పెట్టుకుని తెచ్చాడట. పక్కసీటు ఖాళీగా ఉన్నా అక్కడ పెట్టలేదట. దానికి సంచీ కుట్టమంటే, తాయారు తన పట్టు జాకెట్టు ముక్కతో కుట్టింది. భవాని చిన్నప్పుడు అన్నం తినకుండా మొండికేస్తే, లెన్సు ముందుండే నల్ల తొడుగు తీసి పిల్ల నెత్తిన టోపీలా పెట్టి, "మహారాణీ, ముద్ద తినండి" అని ఆడించేవాడు. అప్పట్లో రీలు. ఉన్న కాసిని ఫోటోలూ ముందే తీసేస్తే అసలు సమయానికి ఏమీ మిగలదు. అందుకని సిరిమాను ముందు నడిచే పాలధార, తెల్ల ఏనుగు, అంజలి రథం అన్నీ వెళ్ళిపోతున్నా ఊపిరి బిగబట్టి ఆగేవాడు. కొత్తగా కాపురానికొచ్చిన తాయారు పక్కన సంచీ పట్టుకు నిలబడి, ఈయన ఎప్పుడు నొక్కుతాడా అని ఆయన వేలునే చూసేది.

"ఆ మనిషికి ఎనక రింగంటే వట్టి రింగు కాదే," అంది తాయారు. "ఆ రోజులన్నీ ఆ సేతిలోనే ఉన్నాయి."

భవాని కళ్ళు తుడుచుకుని, కెమెరా సంచీ తగిలించుకుని, గజపతినగరంలో గృహప్రవేశం ఉందని స్కూటరేసుకుని వెళ్ళిపోయింది.

మధ్యాహ్నం తాయారు క్యారేజీ పట్టుకుని స్టూడియోకి నడిచింది. షట్టరు సగానికి దించి ఉంది. వంగి లోపలికి చూసింది. నరసింగరావు స్టూలు మీద కూర్చుని ఉన్నాడు. చేతిలో మంచినీళ్ళ సీసా. దానికి ముందొకటి, వెనకొకటి రబ్బరు బ్యాండ్లు వేసుకున్నాడు. సీసాని కంటికి ఆనించి, "వస్తన్నాది... వస్తన్నాది..." అని తనలో తనే అనుకుని చెయ్యి తిప్పాడు. చెయ్యి వెనక బ్యాండు మీదకే పోయింది. "ముందుదిరా బాబూ, ముందుది!" అని కుడిచేత్తో ఎడమచేతిని చిన్నగా కొట్టుకున్నాడు. మళ్ళీ సీసా ఎత్తాడు. మళ్ళీ వెనక్కే పోయింది.

చిన్నపిల్లాడు ఎక్కాలు తప్పి మళ్ళీ మొదలెట్టినట్టు, ఆయన మళ్ళీ మళ్ళీ మొదలెడుతున్నాడు. తాయారు లోపలికి అడుగు పెట్టబోయేంతలో చేతిలో ఫోను మోగింది. గబగబా పక్కకి తప్పుకుంది. విశాఖపట్నం షాపు కుర్రాడు యుగంధర్. ఆ షాపు వాళ్ళ దగ్గర ఎప్పట్నుంచో తాయారు నంబరు కూడా ఉంది.

"ఆంటీ, నాకేం అర్థం కావట్లేదు. పొద్దున్న సార్ ఫోన్ చేసి, అమ్మాయి చెప్పిందే కరెక్టు, కొత్తది పంపమన్నారు. ప్యాక్ చేసేశాను. ఇప్పుడు భవానిగారు ఫోన్ చేసి, నాన్నకి పాతదే కావాలి, కొత్తది వద్దు అంటున్నారు. సాయంత్రం బస్సుకి వేసెయ్యాలి. సార్ ఫోన్ ఎత్తట్లేదు. మీరు చెప్పండి, ఏది పంపమంటారు?"

తాయారు అలాగే గోడకి ఆనుకుని నిలబడిపోయింది. కొత్తదేంటో, పాతదేంటో ఆవిడకేం తెలుసు? ఆవిడకి తెలిసిందల్లా ఒక్కటే. ఆయన కూతురి కోసం చేతిని మార్చుకుంటున్నాడు. కూతురు ఆయన కోసం మాట మార్చుకుంది. ఇద్దరిలో ఒక్కరూ ఎదుటివాళ్ళకి చెప్పలేదు. ఈ దాచుకునే జబ్బు ఇంట్లోకి ఎక్కడిది? సాక్షాత్తూ తన దగ్గర్నుంచి కదూ! ఆవిడకి తన మీద తనకే ఒళ్ళుమండింది.

"ఏదీ ఎయ్యకు నాయనా. సాయంత్రంలోపు నేనే సెప్తాను," అని పెట్టేసి, కూతురికి ఫోన్ చేసింది. "పనవ్వగానే ఇంటికి కాదు, స్టూడియోకి రా."

భవాని వచ్చేసరికి తాయారు కౌంటరు మీద చల్లారిపోయిన క్యారేజీ పెట్టుకుని కూర్చుని ఉంది. నరసింగరావు గల్లాపెట్టె సర్దుతున్నట్టు నటిస్తున్నాడు. కూతురిని చూసి తల తిప్పుకున్నాడు.

"ఇద్దరూ ఇలా కూసోండి," అంది తాయారు. "బావా, నువ్వు కొత్త లెన్సు పంపమన్నావు. అవునా?"

నరసింగరావు తెల్లబోయాడు.

"ఒసే, నువ్వు పాతది పంపమన్నావు. అవునా?"

తండ్రీకూతుళ్ళు మొహమొహాలు చూసుకున్నారు.

"పాతదా? ఎందుకే?" అన్నాడు నరసింగరావు.

"నీ చేతికి తెలిసిన దారి కదా నాన్నా. కొత్తది తెచ్చి నిన్ను కంగారు పెట్టడమెందుకని." భవాని కెమెరా సంచీ కింద పెట్టింది. "నువ్వెందుకు కొత్తది..."

"గోడ మీద ఇంకో ఖాళీ రాకూడదని," అన్నాడాయన, చెప్పుల వైపు చూస్తున్నట్టు తల వంచుకుని. 

"ఇప్పుడు నేను సెప్తాను, వినండి," అంది తాయారు. "నీ సెయ్యి వణుకుతోంది బావా. నీకు తెలుసు, నాకు తెలుసు, దీనికీ తెలుసు. ముగ్గురం ఒకే కొంపలో ఉంటూ ఒకళ్ళకి తెలీకుండా ఒకళ్ళం దాస్తన్నాం. నేను మొదలెట్టాను ఈ దొంగాట. నీ మనసు నొచ్చుకుంటాదని ఊరుకున్నాను. ఊరుకుని ఏటి సేశాను? నిన్ను ఒంటరిని సేసేశాను. నాతో కూడా సెప్పుకోకుండా లోపల్లోపల కుమిలిపోయావు." పమిటచెంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

నరసింగరావు జేబులో దాచుకున్న ఎడమచెయ్యి తీసి కౌంటరు అద్దం మీద పెట్టాడు. ఏడాదిలో మొదటిసారి దాన్ని ఆపాలని చూడలేదు. దాని మానాన దాన్ని వదిలేశాడు. అద్దం మీద ఉంగరం టకటకమని చప్పుడు చేస్తోంది.

"సూడండి మరి," అన్నాడు. "పొద్దుట లేవగానే ఇంకా ఎక్కువుంటాది."

భవాని ఆ చేతి మీద తన చెయ్యి వేసింది. "పండగెళ్ళగానే డాక్టరు దగ్గరకెళ్దాం నాన్నా."

"ఎళ్దాం. ముందు ఆ కుర్రోడికి ఫోన్ సెయ్యి. కొత్తదే ఎయ్యమను. కానీ ఆ రోజు నువ్వు నా పక్కనే ఉండాలి. తప్పు రింగు తిప్పితే సెప్పాలి."

"చెప్తే కోప్పడవు కదా?"

"కోప్పడతాను. అయినా సెప్పు."

ముగ్గురూ నవ్వారు. ఆ చల్లారిన అన్నమే ముగ్గురూ పంచుకు తిన్నారు.

పండగనాడు ముగ్గురూ చేరేసరికి కూర్మమ్మగారి మేడ మీద ఇసకేస్తే రాలడం లేదు. కింద జనం, పక్క డాబాల మీద జనం, చెట్ల మీద జనం. సిరిమాను మొదటిసారి కోటవైపు సాగినప్పుడు నరసింగరావు చెయ్యి చప్పున వెనక రింగు మీదకి పోయింది. బొమ్మంతా మసకైపోయింది. సర్దుకునేలోపు సిరిమాను దాటిపోయింది. ఆయన మొహం వాడిపోయింది. గుడికీ కోటకీ మధ్య మూడుసార్లు తిరుగుతుంది కదా, ఇంకా రెండున్నాయి.

రెండోసారి ఆయన చెవి దగ్గర, "ముందుది నాన్నా... ముందుది... అంతే," అని నెమ్మదిగా చెబుతూనే ఉంది. నరసింగరావు ఊపిరి బిగబట్టాడు. పూజారి కళ్ళు, ఎగురుతున్న పంచె, వెనకాల ఎర్రబడ్డ ఆకాశం దగ్గరకొచ్చి నిలిచాయి. నొక్కాడు. తెర మీద చూసుకున్నాడు. బొమ్మ రాయిలా నిలిచి ఉంది. "వచ్చేసింది!" అని భవాని అరిచిన అరుపుకి పక్క డాబా మీదవాళ్ళు కూడా తిరిగి చూశారు.

మూడోసారి సిరిమాను తిరిగేటప్పుడు నరసింగరావు కెమెరా మెడలోంచి తీసి కూతురి మెడలో వేశాడు. "ఇది నువ్వు తియ్యి," అన్నాడు.

చేతులు ఖాళీ అయ్యేసరికి వాటినేం చెయ్యాలో ఆయనకి తోచలేదు. ఓసారి పిట్టగోడ పట్టుకున్నాడు, ఓసారి జేబులో పెట్టుకున్నాడు. ఈలోపు సిరిమాను వచ్చేసింది. ఆయన రెండు చేతులూ ఎత్తి దణ్ణం పెట్టాడు. జోడించినా చేతులు వణుకుతూనే ఉన్నాయి. దాచుకోలేదు.

"తాయారూ," అన్నాడు, కళ్ళు అటే ఉంచి. "ఇన్నేళ్ళూ అమ్మని ఒంటికన్నుతోనే సూశానే. సేతులు ఖాళీ లేక ఒక్క ఏడూ దణ్ణం ఎట్టుకోలేదు. ఇంత పెద్దదా ఈ సిరిమాను!"

తాయారుకి కళ్ళు ధారలు కట్టాయి. చుట్టూ అందరూ మొక్కులు మొక్కుకుని సిరిమాను మీదకి అరటిపళ్ళు విసురుతున్నారు. ఆవిడ కూర్మమ్మగారు మేడ మీద ఉంచిన అరటిగెలలోంచి ఓ పండు తుంచి ఆయన చేతిలో పెట్టింది. నరసింగరావు బలమంతా కూడదీసుకుని విసిరాడు. అది సిరిమాను దాకా పోలేదు. కిందెవరిదో గొడుగు మీద పడి దొర్లిపోయింది. ఆయన చిన్నపిల్లాడిలా పకపకా నవ్వాడు.

"ఇంకోటియ్యే!" అంటూ చెయ్యి చాపాడు.

ఏడుస్తూనే తాయారు ఇంకో పండు తుంచింది.