ఎర్రగా కాగిన వెన్న

"వద్దే... తీసెయ్," అంటూ ఎల్మినా మొహం గోడవైపు తిప్పుకుంది. చెంచాలోని బంగాళదుంప ముద్ద జారి దుప్పటి మీద పడింది. సలోమా తడిగుడ్డ తెచ్చి తుడిచింది. మంచం పట్టిన తల్లి ఆ వారమంతా నోట్లోకి ఒక్క ముద్ద పోనివ్వలేదు. కోడిచారు తెస్తే వాసనంది. రొట్టె పాలలో నానబెట్టి తెస్తే, పసిపిల్లల తిండి నాకెందుకంది. పొద్దున వచ్చిన వైద్యుడు సలోమాను వసారాలోకి పిలిచి, రోగం కంటే తిండి లేకపోవడమే ఈవిడ ప్రాణం మీదికి తెచ్చేలా ఉందని చెప్పి వెళ్ళాడు.

"మరేం తింటావమ్మా? నోరు తెరిచి అడుగు. ఏదైనా సరే చేసి పెడతాను."

"నూడుల్స్..." అంది ఎల్మినా గోడకేసే చూస్తూ. "ఎర్రగా కాచిన వెన్న పోసినవి."

సలోమా మొహం వికసించింది. ఎంతసేపు పని! ఆదివారం ఆరాధన భోజనాల కోసం తను ఒత్తి, కోసి, ఆరబెట్టిన నూడుల్స్ పైగదిలో తెల్లగుడ్డ మీద సిద్ధంగానే ఉన్నాయి. ఆమె లేవబోతుంటే తల్లి మళ్ళీ అంది.

"నువ్వు చేసినవి కాదు. మలిండా చేసినవి."

పదేళ్ళుగా ఆ ఇంట్లో ఎవరూ పలకని పేరు అది! మలిండా పెద్ద కూతురు. సంఘం ముందు మోకరిల్లి బాప్తిస్మం పుచ్చుకుని, దేవుడికి మాటిచ్చి, ఏడాది తిరక్కుండానే పాల లారీ నడిపే ఇంగ్లీషువాడితో వెళ్ళిపోయింది. మనవాడు కానివాడు ఎవడైనా ఆ ఊళ్ళో ఇంగ్లీషువాడే. బాప్తిస్మానికి ముందే వెళ్ళిపోయి ఉంటే నలుగురూ నాలుగు రోజులు ఏడ్చి ఊరుకునేవారు. మాటిచ్చి తప్పింది కాబట్టి వెలివేశారు. వెలి పడ్డవాళ్ళతో మాట్లాడకూడదని లేదు, ఇంటికి రానివ్వకూడదనీ లేదు. కానీ వాళ్ళతో ఒకే బల్ల దగ్గర కూర్చుని తినకూడదు. వాళ్ళ చేతిలోంచి ఏదీ అందుకోకూడదు. వాళ్ళేదైనా ఇస్తే బల్ల మీద పెట్టి చెయ్యి తీసెయ్యాలి. ఆ తరువాత మనం తీసుకోవాలి. అంతే... అంత చిన్న సంగతే. కడుపున పుట్టినదాని చేతికీ మన చేతికీ మధ్య ఒక చెక్కముక్క!

సలోమా వంటింట్లోకి వెళ్ళి, గిన్నెలు కడిగే నెపంతో కాసేపు ఏడ్చింది. ఆమె ఏడుపు అక్క మీద అసూయతో కాదు, అలాగని అసూయ లేకా కాదు. మలిండా వెళ్ళిపోయిన ఏడాదే పక్క జిల్లా నుంచి ఇమాన్యుయెల్ అనే వడ్రంగి సలోమాను చేసుకుంటానని వచ్చాడు. నెమ్మదైనవాడు. ఆమె కోసం వాల్‌నట్ కర్రతో చిన్న పెట్టె కూడా చేసి తెచ్చాడు. ఆ రాత్రి తల్లి ఆమె కొంగు పట్టుకున్నంత పని చేసి, నువ్వూ వెళ్ళిపోతే నేను బతకలేనే అంది. సలోమా వెళ్ళలేదు. మరుసటేడు అతను ఇంకెవరినో చేసుకున్నాడు. ఆ పెట్టెలో ఇప్పుడు ఉల్లిపాయలుంటున్నాయి.

పోనీ నూడుల్స్ సంగతైనా న్యాయంగా ఉందా అంటే అదీ లేదు! ఆ రోజుల్లో కూడా గుడ్ల సొన కొట్టి పిండి కలిపిందీ, కాగితమంత పల్చగా ఒత్తిందీ, దారాల్లా కోసిందీ సలోమాయే. మలిండా చివర్లో వచ్చి, వెన్న పోసి, నవ్వుతూ గిన్నె పట్టుకుని పెళ్ళి భోజనాల్లో చుట్టాల ముందుకు వెళ్ళేది. వండినవాళ్ళను ఎవరు చూశారు, పేరెప్పుడూ గిన్నె మోసినవాళ్ళదే. పెరటి చెట్టు మందుకు పనికిరాదని ఊరికే అన్నారా!

అయినా తల్లి ప్రాణం. సలోమా మేనమామ ఎనోస్ దగ్గరికి వెళ్ళింది. ఆయన సంఘంలో పెద్ద. గుర్రానికి నాడా కొట్టిస్తున్నవాడల్లా ఆగి, గడ్డం నిమురుకుంటూ, రానివ్వమన్నాడు. వండనివ్వు, కానీ చేతికి చెయ్యి వద్దు, నీకు తెలుసుగా అన్నాడు. సంఘంవాళ్ళ ఇళ్ళల్లో ఫోన్లుండవు, సలోమా పక్క పొలం ఇంగ్లీషువాళ్ళ ఇంటికి నడిచి వెళ్ళి ఫోన్ చేయించింది.

మర్నాడు మధ్యాహ్నం గేటు ముందు కారు ఆగింది. మలిండా ఒక్కతే దిగింది. జుట్టు కత్తిరించుకుంది గానీ, తల్లి బాధపడుతుందని రుమాలు కట్టుకుంది. తెచ్చిన నారింజపళ్ళ సంచీ కారులోనే ఉండిపోయింది. వంటింట్లోకి వచ్చి చుట్టూ చూసి, "ఏమీ మారలేదే," అంది. సలోమా తలుపు పక్కన నిలబడి, అక్కను కౌగిలించుకోవాలో అక్కర్లేదో తెలియక ఏప్రాన్‌కు చేతులు తుడుచుకుంటూ ఉండిపోయింది.

తల్లి గది వంటింటికి ఆనుకునే ఉంటుంది. తలుపు తీసి ఉంటే మంచం మీదినుంచి బల్ల కనిపిస్తుంది గానీ పొయ్యి కనిపించదు. మలిండా గుమ్మంలో నిలబడి "అమ్మా" అంది. ఎల్మినా కళ్ళు తెరిచి చూసింది. పొద్దుటి నుంచి గోడవైపు ఉన్న మొహం ఇటు తిరిగింది.

మలిండా పొయ్యి దగ్గరికి వెళ్ళింది. కోడిచారు మరుగుతుంటే, సలోమా పైగదిలోంచి తెచ్చి ఉంచిన నూడుల్స్ వేసింది. మూత పెట్టి దింపి, మళ్ళీ మూత తీయకుండా ఆవిరికే మగ్గనివ్వాలి. ఆమె రెండుసార్లు మూత తీసి చూసింది, మూడోసారి గరిటె పెట్టి కలిపింది. సలోమా పళ్ళ బిగువున ఊరుకుంది. తరువాత పెనంలో వెన్న వేసింది. వెన్న కరిగి, నురగ కట్టి, అడుగున ఎర్రబడటం మొదలైంది. అప్పుడు మలిండా చెయ్యి పొయ్యి ముందుభాగానికి వెళ్ళి, అక్కడ దేన్నో పట్టుకుని తిప్పబోయింది. అక్కడేమీ లేదు. అది కట్టెల పొయ్యి! మంట తగ్గించాలంటే పెనాన్నే వేడి తక్కువున్న మూలకు జరపాలి. పదేళ్ళు గ్యాసు పొయ్యి మర తిప్పడానికి అలవాటు పడ్డ ఆ చెయ్యి గాలిలో వెతుక్కుంటూ ఉండగానే వెన్న నల్లబడిపోయింది. ఇల్లంతా మాడు వాసన.

గదిలోంచి తల్లి గొంతు వినిపించింది. "సలోమా! నువ్వు పొయ్యి దగ్గరికి పోకే. అక్కను చెయ్యనీ."

అక్కచెల్లెళ్ళిద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. గిన్నెలో నూడుల్స్ చిమిడి జావైపోయాయి. మలిండా పొయ్యి పక్కనున్న కుర్చీలో కూలబడింది.

"నాకు చేతకాదే," అంది లోగొంతుకతో. "ఎప్పుడు చేశాను గనక? మా ఇంట్లో ప్యాకెట్టు కొంటాం. అమ్మ ఇంత ఆశపెట్టుకుంటే..."

సలోమా మాడిన పెనం పెరట్లో పెట్టి వచ్చింది. పైగదిలోంచి ఇంకో గుప్పెడు... కాదు, ఆదివారానికి దాచినవన్నీ తెచ్చింది. మళ్ళీ చారు మరిగించి, నూడుల్స్ వేసి, మూత పెట్టి పక్కకు దింపింది. ఇంకో పెనంలో వెన్న వేసి పొయ్యి ముందే నిలబడింది. వెన్న కాగుతున్నంతసేపూ పొయ్యి వదిలి ఎక్కడికీ పోకూడదు, కళ్ళు కూడా పోకూడదు. నురగ కిందినుంచి గోధుమరంగు పైకి తేలి, వేయించిన గింజల వాసన రాగానే పెనాన్ని మూలకు లాగి, ఆ వెన్నను నూడుల్స్ మీద పోసింది. చుయ్‌మంది. గదిలో తల్లి లేచి కూర్చునే చప్పుడు వినిపించింది.

"తీసుకెళ్ళు," అంది సలోమా, పళ్ళెం బల్ల మీద పెట్టి.

మలిండా పళ్ళెం తీసుకుని గదిలోకి వెళ్ళింది. కన్నీళ్ళతో కళ్ళు కనబడక కాబోలు, తిన్నగా తల్లి చేతికే అందించబోయింది. ఎల్మినా చేతులు దుప్పటి కిందికి పోయాయి. పెదవులు బిగుసుకున్నాయి. "బల్ల మీద పెట్టు," అంది నేలకేసి చూస్తూ. ఆ మాట అనడానికి ఆవిడ ఎంత కష్టపడిందో ఆవిడ మెడ నరాలే చెప్పాయి. మలిండా మంచం పక్కనున్న చిన్నబల్ల మీద పళ్ళెం పెట్టి, వెనక్కి జరిగి గోడకు ఆనుకుంది.

సలోమా ఆ పళ్ళెం తీసుకుని చెంచాతో తినిపించింది. ఎల్మినా తింది! ఒక చెంచా తరువాత ఒక చెంచా, పళ్ళెం ఖాళీ అయ్యేదాకా తింది. తింటున్నంతసేపూ ఆవిడ చూపు తినిపిస్తున్న కూతురి మీద లేదు, ఆమె భుజం మీదుగా గోడ దగ్గర నిలబడ్డ కూతురి మీదే ఉంది. ఆవిడ కళ్ళలోంచి నీళ్ళు కారి గడ్డం మీదికి జారుతుంటే సలోమా వాటినీ తుడిచింది.

"ఈ చేతి రుచి ఎక్కడికి పోతుందే," అంది ఎల్మినా. "పదేళ్ళయినా అదే చెయ్యి."

సలోమా చేతిలో చెంచా ఆగిపోయింది. ఆమె వెనక్కి తిరగలేదు. అక్క ఇప్పుడు చెబుతుంది అనుకుంది. అమ్మా, ఇది సలోమా చేసింది, అని ఒక్క మాట! గోడ దగ్గర్నుంచి వెక్కుతున్న చప్పుడు తప్ప ఏమీ రాలేదు.

సాయంకాలం గేటు దాకా సాగనంపడానికి వెళ్ళినప్పుడు మలిండా ఆగింది.

"చెబుదామనే అనుకున్నానే. కానీ అమ్మ నన్ను చూసింది, సలోమా... పదేళ్ళకి చూసింది. నోరు పెగల్లేదు."

"తెలుసు," అంది సలోమా.

"నాకంటూ ఆ ఇంట్లో ఇంకేం మిగిలింది, చెప్పు? ఇదొక్కటీ ఉండనీవే."

మరి నాకేం మిగిలింది అక్కా అని సలోమా గొంతు దాకా వచ్చింది. కానీ తల్లి పళ్ళెం ఖాళీ చేసింది. ఈ రాత్రికి ప్రాణం నిలబడ్డట్టే. నిజం చెబితే ఆ తిన్నది అరుగుతుందా! "అలాగేలే," అంది. మలిండా మరిచిపోయిన నారింజపళ్ళ సంచీని కారులోంచి తీసి, ఎవరూ చెప్పకుండానే గేటు స్తంభం మీద పెట్టి, రెండడుగులు వెనక్కి వేసింది. సలోమా ముందుకొచ్చి అందుకుంది. చూసేవాళ్ళెవరూ లేరు, చేతిలోంచే అందుకున్నా అడిగేవాళ్ళు లేరు. ఇద్దరికీ ఆ సంగతి కారు వెళ్ళిపోయాకే తోచింది.

తరువాతి వారం సలోమా మళ్ళీ చేసింది. అదే పిండి, అదే కోళ్ళ గుడ్లు, అదే వెన్న, అదే పెనం. ఆ రోజు చేసినట్టే చేసి, తల్లి పక్కన కూర్చుని చెంచా అందించింది. ఎల్మినా రెండు చెంచాలు తిని, నెమ్మదిగా నమిలి, చాలన్నట్టు చెయ్యి అడ్డం పెట్టింది.

"మొన్న మలిండా చేసినట్టు లేవే."

"అవునమ్మా," అంది సలోమా.

"బాధపడకులే. ఎవరి చెయ్యి వాళ్ళది." ఆవిడ కూతురి చెయ్యి ప్రేమగానే తట్టింది. "అది వచ్చినప్పుడు అడిగి నేర్చుకోకపోయావా?"

"అడిగానమ్మా."

"ఏం చెప్పింది?"

సలోమా పళ్ళెంలో చల్లారిపోతున్న నూడుల్స్ వంక చూసింది.

"పొయ్యి వదిలి ఎక్కడికీ పోవద్దంది."

"చూశావా మరి," అంది ఎల్మినా కళ్ళు మూసుకుంటూ. "దానికి తెలుసు."