ఆ అన్నం ఎక్కడికి పోయింది?

"జబ్బు తిరగబెట్టలేదు," అన్నాడు డాక్టరు.

రేవతి ఊపిరి తీసుకునేలోగానే ఆయన రెండో మాట అన్నాడు.

"కానీ ఈయన పస్తులుంటున్నారు."

నరసరావుపేటలోని ఆసుపత్రి గది అది. మంచం మీద రేవతి మామగారు గోపాలరావు కళ్ళు మూసుకుని పడుకున్నాడు. చేతికి సెలైను ఎక్కుతోంది. పొద్దున గేదెకు గడ్డి వేయడానికి కొట్టంలోకి వెళ్ళిన మనిషి అక్కడే కుప్పకూలాడు. నోటి జబ్బుకు గుంటూరులో ఆపరేషను చేసి, రేడియేషన్ కరెంటు పెట్టి ఏడాది దాటింది. గండం గడిచిందనే ఇంట్లో అందరూ అనుకుంటున్నారు.

"స్కానింగ్ శుభ్రంగా ఉంది. ఒంట్లోనే సత్తువ లేదు. ఇలాగే తగ్గుతూ పోతే జబ్బు దాకా అక్కర్లేదు, ఆకలే తీసుకెళ్తుంది," అని డాక్టరు బయటికి నడిచాడు.

అప్పటిదాకా పైట చెంగు నోటికి అడ్డం పెట్టుకుని నిలబడిన అంకమ్మ ఒక్కసారిగా రేవతి మీదికి తిరిగింది. ఆవిడ గోపాలరావు చెల్లెలు. కబురందగానే మాచర్ల నుంచి దొరికిన బస్సెక్కి వచ్చింది.

"విన్నావుగా అమ్మాయ్! చేనంతా మిరప పండే ఇంట్లో మా అన్న పస్తులంట! గేదెకు పెట్టే తవుడన్నా పెట్టలేకపోయినావా?"

"మూడు పూటలా పెడతన్నా పిన్నీ. కంచం ఖాళీ అయ్యే వస్తంది."

"ఖాళీ అయ్యే వస్తే మరి ఆ అన్నం ఏడకి పోతందే?"

 రేవతి భర్త భానుప్రకాష్ వైపు చూసింది. దాచేపల్లి సిమెంటు ఫ్యాక్టరీ నుంచి డ్యూటీ బట్టల్లోనే పరుగెత్తుకొచ్చాడతను. భార్యను ఒక్క చూపు చూశాడు. అంకమ్మ తిట్టిన తిట్ల కన్నా ఆ చూపే రేవతికి ఎక్కువ గుచ్చుకుంది.

మర్నాడు గోపాలరావును గురజాల పక్కనున్న తమ ఊరికి తీసుకొచ్చారు. వాకిట్లో ఆటో ఆగీ ఆగగానే కుక్క టైగర్ ఎగిరి మీద పడింది. పులికి ఉండాల్సిన పొట్ట కాదది. పరుగెత్తితే పక్కకు ఊగుతోంది. గోపాలరావు లోపలికి కూడా వెళ్ళకుండా దాని తల పట్టుకుని మొహంలోకి తేరిపార చూశాడు.

"రేపు పొద్దునే అన్నను మా ఊరు తీసుకుపోతన్నా," అంది అంకమ్మ గడపలోనే. "అన్నం పెట్టే చేతికి మనసు లేకపోతే తిన్నది ఒంటికంటదు."

"సరే అత్తా," అన్నాడు భానుప్రకాష్ తల దించుకుని.

 మామగారు రేపు ఈ గడప దాటితే, ముసలాయన్ని మాడ్చిన కోడలన్న పేరు రేవతికి జన్మంతా ఉండిపోతుంది. అంతకన్నా పెద్ద భయం ఇంకోటి ఉంది. ఆ అన్నం ఎక్కడికి పోతోందో తెలియకపోతే మాచర్లలోనూ ఆయన చిక్కిపోతూనే ఉంటాడు.

అప్పుడే గోపాలరావు అడిగాడు. "మరి టైగర్‌ని కూడా తీసుకుపోదామా?"

"కుక్కెందుకన్నా? మా ఇంట్లో రెండున్నయ్యి."

"ఆ కుక్కలు వద్దు. ఇదే కావాలి."

అంకమ్మ పకపకా నవ్వింది. రేవతి నవ్వలేదు. చావు అంచు దాకా వెళ్ళొచ్చిన మనిషికి కుక్క మీద అంత ధ్యాస దేనికి? పాత కుక్కే, కొత్తగా పుట్టిన ప్రేమేమీ కాదు. ఆ కుక్కే కావాలని పట్టుబట్టడం దేనికి?

ఆలోచిస్తూ వంటింట్లోకి వెళ్ళింది. అన్నం మెత్తగా ఉడికించి పెరుగు కలిపింది. పండుమిరప కొరివికారం లేనిదే ముద్ద ఎత్తని మనిషికి ఇప్పుడు కారం చుక్క తగిలినా నోరు మంట. లాలాజలం ఊరదు, ముద్దముద్దకీ నీళ్ళు కావాలి. గోడకు విడిగా కొట్టిన మేకుకు ఆయన స్టీలు కంచం తగిలించి ఉంది. అంచున 'గోపాలరావు' అని చుక్కల అక్షరాలతో పేరు చెక్కించిన కంచం. అందరి కంచాలూ బుట్టలో కలిసే ఉంటాయి, ఇదొక్కటే విడిగా ఎందుకుంది? రేవతి చెయ్యి ఆగిపోయింది. ఆ మేకు తను కొట్టలేదు. గుంటూరు నుంచి వచ్చినప్పటి నుంచీ ఆయన కొట్టం దగ్గర ఒక్కడే కూర్చుని తింటాడు. తన కంచం తనే తోముకుంటాడు. తింటుంటే నోరు కారుతుందని సిగ్గుపడుతున్నాడు కాబోలనుకుని తను ఏనాడూ అడగలేదు.

కంచం ఇచ్చి వచ్చినట్టే వచ్చి, గడ్డివామి చాటున నిలబడింది.

గోపాలరావు నులక మంచం మీద కూర్చుని చిన్న ముద్ద చేశాడు. సగం కొరికాడు. మిగిలిన సగం టైగర్ నోటికి అందించాడు. మళ్ళీ ముద్ద, మళ్ళీ సగం. ఆయన నమిలేది చాలాసేపు, కుక్క మింగేది చిటికెలో. కాసేపటికి ఆయన కొరకడం కూడా మానేశాడు. ముద్దను పెదవులకు తాకించి కుక్కకే పెడుతున్నాడు. తర్వాత కంచం పక్కన పెట్టాడు. ఫోనులో లైటు వేసి, కుక్క దవడలు విడదీసి, నాలుక కిందా చిగుళ్ళ వెంటా అచ్చం గుంటూరు డాక్టరు లాగే వెతుకుతున్నాడు.

"ఏంది మామయ్యా ఇది?"

ఆయన ఉలిక్కిపడ్డాడు. లైటు ఆర్పడం మరిచిపోయాడు.

"ఏం లేదమ్మా. చూస్తన్నా."

"ఏం చూస్తన్నారు?"

"దీనికేమన్నా అయిద్దేమోనని." ఆయన కుక్క దవడలు వదిలాడు. "చలికాలం నుంచి నా ఎంగిలే పెడతన్నా. ఇదిగో, బానే ఉంది. శివరాత్రి నాటి కొండ తిరనాళ్ళ దాకా చూసి, దీనికేం కాకపోతే అప్పుడు బిందుకి ఒక్క ముద్ద..."

 ఆ మాటలకే అంకమ్మా, భానుప్రకాష్ పెరట్లోకి వచ్చారు. రేవతి కూతురు, ఐదేళ్ళ బిందు కూడా వెనకే వచ్చింది. ఆ పిల్ల చేతిలో ఐస్‌క్రీం పుల్లలున్నాయి. దవడలు బిగుసుకోకుండా తాతయ్య వాటిని పళ్ళ మధ్య పెట్టుకుని నోరు తెరవాలని, ఊళ్ళో పిల్లలు తిని పారేసినవి కూడా ఏరుకొచ్చి కడిగి దాస్తుంది.

"కంచమంతా కుక్కకెందుకు నాన్నా?" అడిగాడు భానుప్రకాష్.

"పసిపిల్లకి పెట్టేదిరా! కాస్త పెట్టి చూస్తే సరిపోద్దా? పైగా నాకూ దిగట్లా. ఒక్కడినే కూర్చుని నమిలి నమిలి దవడలు నొప్పులు. మిగిలిస్తే అమ్మాయి బెంగపడద్ది."

"క్యాన్సర్ ఎంగిలి వల్ల అంటుకోదు మామయ్యా!"

ఆ ఇంట్లో ఆ మాట పైకి అనడం అదే మొదటిసారి. అందరూ ఇన్నాళ్ళూ 'ఆ జబ్బు' అనే నెట్టుకొచ్చారు. రేవతి కళ్ళు తుడుచుకుంది. "మొదటి రోజే గుంటూరు డాక్టర్ని అడిగా. కలిసి తినొచ్చు, ముద్దు పెట్టుకోవచ్చు, ఏం కాదన్నాడు. అలా అడిగానని తెలిస్తే మీరు నొచ్చుకుంటారని చెప్పలా. నాదే బుద్ధి తక్కువ."

"అసలు ఎంగిలైతే వస్తదని నీకెవరు చెప్పారు నాన్నా?" భానుప్రకాష్ చూపు మళ్ళీ భార్య మీదికే పోయింది. "నువ్వేమన్నా అన్నావా?"

"అమ్మాయిని ఏమనబాకరా!" గోపాలరావు కసిరాడు. "ఇంటికొచ్చిన రోజు, చుట్టాలంతా చూడనొచ్చినప్పుడు, పప్పన్నం కలిపి బిందుకి ముద్ద పెట్టబోయినా. నువ్వు సామాను దించుతన్నావు. అమ్మాయి లోపల నెయ్యి కాస్తంది. నోటి జబ్బు మనిషి ఎంగిలి పసిదానికా అని చెయ్యి పట్టి లాగేశారు. నిజమేగా అనిపించింది."

"ఎవరు?"

"ఎవరైతే ఏంది? పిల్ల మీద ప్రేమతో అన్నదే."

"ఎవరు తాతయ్యా?" బిందు ఆయన మోకాలు పట్టుకుని ఊపింది.

"మర్చిపోయినా తల్లీ."

ఆయన మరచిపోలేదని అందరికీ తెలుసు. టైగర్ తోక ఆడిస్తూ కంచం వైపే చూస్తోంది. నిన్నటి నుంచీ ఆగని ఒక గొంతు ఇప్పుడు వినిపించడం లేదని ముందుగా గమనించింది రేవతే.

అంకమ్మ మెల్లగా వచ్చి అన్న కాళ్ళ దగ్గర నేల మీద కూర్చుంది. పేరు చెక్కిన ఆ కంచం ఒళ్ళోకి లాక్కుంది. అడుగున ఇంకా కాస్త పెరుగన్నం మిగిలి ఉంది.

"ఏమే, అది నా ఎంగిలే," అన్నాడు గోపాలరావు కంగారుగా.

"తెలుసు."

మిగిలిందంతా ఒకే ముద్ద చేసి నోట్లో పెట్టుకుంది. నములుతుంటే కన్నీళ్ళు చెంపల మీదుగా జారి అదే ముద్దలో కలిశాయి.  ఆవిడ అన్న వైపు గానీ రేవతి వైపు గానీ చూడలేదు. బిందును దగ్గరికి తీసుకుని, అందరికీ వినపడేలా చెప్పింది.

"నేనేనమ్మా. నీ నోటికాడి ముద్ద లాగేసింది నేనే."